ఒట్టు పెట్టినవాళ్లు

1985 జూలై, ఏక్‌బాల్‌పూర్. బ్యాంకు ఆఫీసరు మృత్యుంజయ గారి రెండో అంతస్తు వాటాలో లోడ్‌షెడ్డింగ్ మొదలై గంట దాటింది. ఆయన భార్య నాగేశ్వరి విసనకర్రతో ఒకసారి తనకీ, ఒకసారి ఎదురుగా నేలమీద కూర్చున్న దయమ్మకీ విసురుతోంది. జాకెట్లు కుట్టే దయమ్మ ఇవాళ కుట్టినవేవీ తేకుండా ఉత్త చేతులతో వచ్చింది.

"అది కాదమ్మా, నానడిగింది అది కాదు. ఒట్టు అంటే ఏటో నాకూ తెలుసు. ఆ మాట ఎక్కడినుంచి వొచ్చిందో సెప్పండి."

"ఎక్కడినుంచి వస్తే ఏం దయమ్మా, హౌరాలో దిగి ట్రామెక్కి వచ్చింది. మొన్నటి జాకెట్టుకి చేతులు బిగుతయ్యాయి అన్నానని కోపమొచ్చి నాకు పరీక్ష పెడుతున్నావా?"

"సరసం కాదమ్మా. మీరు కాలేజీలో తెలుగు సదువుకున్నారు గదా."

"చదువుకున్నాను. పద్దెనిమిదేళ్ల నుంచి ఆ చదువుతో పచ్చడి జాడీల మీద పేర్లు రాస్తున్నాను, మీ వీధివాళ్లకి ఉత్తరాలు రాస్తున్నాను. మాట పుట్టుక అడిగినవాళ్లు లేరు."

"నానడుగుతున్నాను. సెప్పండి."

"ముందు నువ్వు చెప్పు. ఎవరు ఎవరికి ఒట్టేశారు?"

"ఎవరో లెండి. మా ఈదిలో ఒకావిడ."

"మీ వీధిలో ఒకావిడ కోసం మిట్టమధ్యాహ్నం రెండంతస్తులు ఎక్కి వచ్చావు. ఏమైనా తిన్నావా?"

"తిన్నాను."

"ఏం తిన్నావు?"

"ఏటో తిన్నాను."

"ఆ డబ్బాలో మరమరాలున్నాయి, తీసుకో."

"వొద్దమ్మా. ఇంట్లో మనిషి తినకుండా నాకేటి దిగుద్ది గొంతులోకి. నాలుగు రోజులై గంజి తప్ప ముట్టలేదు. ఒట్టేసింది మా ఆయనే."

"సాల్మన్ రాజా? గట్టిగా దగ్గితే మన్నించమని అడిగే మనిషి. ఏమని వేశాడు?"

"నోరిప్పననీసి."

"దేని గురించి?"

"మీకు తెలుసు గదమ్మా. బంగారయ్య పోనాడు గదా."

"తెలుసు. ఓడల రిపేరు షెడ్డులో ఇనప పలక మీద పడిందన్నారు. తొమ్మిది రోజులయింది. నేను వెళ్లి వాళ్లావిణ్ణి, కామాక్షమ్మని, చూసి వచ్చాను కూడా. పక్కన గంట కూర్చున్నాను. ఒక్క మాట మాట్లాడలేదు."

"ఆ షెడ్డులోనే గదా మా ఆయన పని. ఆ పొద్దు ఆడే ఉన్నాడు. రేపు పదిగంటలకి లేబర్ ఆఫీసులో జబానబందీ. సూసిందేటో సెప్పమంటారు."

"వాంగ్మూలం. సరే, చూసింది చెప్తాడు."

"ఎలాగ సెప్తాడు? సెప్పనని ఒట్టేసినాడు గదా. నా నెత్తి మీద సెయ్యెట్టి."

"నీ నెత్తి మీద."

"నా నెత్తి మీదే. మాట తప్పితే నాను పోతానని ఆయన బయ్యం."

"నువ్వు పోవు. మా వారు సిగరెట్లు మానేస్తానని నా తల మీద ఎన్నిసార్లు చెయ్యి పెట్టారో తెలుసా? ఆ లెక్కన నా తల ఎప్పుడో వెయ్యి ముక్కలు కావాలి. రోజూ నూనె రాసుకుంటున్నాను."

"మీకేటమ్మా, మీ ఆయన పేరే మృత్యుంజయ. చావు మీ గుమ్మం తొక్కదు."

"పేరు ఆయనది, తల నాది. అది సరే, మీ పాస్టరుగారిని అడగలేకపోయావా? ఇలాంటివాటికి ఆయన ఉన్నారు కదా."

"యెషయా పాస్టరుగోరు నిన్న వొచ్చినారమ్మా. ఒట్టు పెట్టుకోడమే పాపం, మన మతంలో ఒట్టే నేదు, నేని దానికి ఏటి బయ్యం అన్నారు. మరైతే రేపు ఆఫీసరు నా సేత శొపొథ్ సెయ్యిస్తాడు గదా అయ్యగోరూ, అదీ నేనట్టేనా అనడిగినాడు ఈయన. పాస్టరుగోరు టీ తాగీసి, ప్రార్థన సేసీసి, ఎలిపోనారు."

"పాపం పాస్టరుగారు."

"బిస్కట్టు కూడా ముట్టనేదు. ఈయనకిప్పుడు రెండు ఒట్లమ్మా. ఇంట్లో నా మీద ఏసింది తెలుగుది. రేపు ఆఫీసులో ఎయ్యవలసింది బెంగాలీది. ఒకటి నిలబెడితే ఒకటి తప్పుద్ది. ఏది ఎక్కువ బరువో తేల్సుకోలేక మంచం దిగటం మానీసినాడు. ఎంతసేపూ గొలుసులూ కొక్కేలూ సూసుకునే మనిషి గదా, అన్నిటికీ బరువే అడుగుతాడు. మేడమీద అమ్మగోరు సదువుకున్నారు, ఆవిడనడిగి రా, ఆవిడేటి సెప్తే అదే, అన్నాడు."

"అలా అన్నాడా."

"అన్నాడు."

"అయితే నవ్వకుండా చెప్పాలి. విను. శపథానికీ శాపానికీ వేరు ఒకటే. మాట తప్పితే నా మీద శాపం పడాలని ఎవళ్లని వాళ్లు ముందే తిట్టుకోవడం. బెంగాలీవాళ్ల శొపొథ్ కూడా అదే, ఇద్దరం సంస్కృతం దగ్గర తెచ్చుకున్నదే."

"శాపమా అది."

"భయపడకు. మంత్రులందరూ చేస్తారు. వాళ్లు బాగానే ఉన్నారు."

"ఇంకా?"

"ఇంకా బాస. అది భాషే, ఉత్త మాట. ఆన అంటే ఆజ్ఞ. వెనకటికి రాజుగారి ఆన అని చెప్పి మనిషిని ఆపేసేవారట. ప్రమాణం అంటే కొలత."

"కొలతా? జాకెట్టుకి తీసినట్టు?"

"అలాగే. అన్నమాట ఇంత, చేసిన పని ఇంత, రెండూ సరిపోవాలి. నువ్వు తీసే కొలత కంటే కాస్త నయం."

"ఇంతకీ ఒట్టు సెప్పలేదమ్మా."

"అది మనదే, సంస్కృతం దగ్గర తెచ్చుకోలేదు. పాత తెలుగులో ఒట్టడం అంటే పెట్టడం, పోగుపొయ్యడం. కన్నడంవాళ్లు పోగుని ఇప్పటికీ ఒట్టు అంటారట. తమిళంవాళ్లేమో అతుక్కోవడాన్ని అంటారు. మనం తల మీద చెయ్యి పెడతాం కాబట్టి ఆ మాట వచ్చిందని మా మేష్టారు చెప్పేవారు. ఆయన చెప్పిందంతా నిజమని నేను ఒట్టెయ్యలేను."

"అతుక్కుంటాదా."

"పెట్టడం అన్నాను కదా ముందు."

"తమిళోళ్లు అతుక్కోడం అంటారని మీరే అన్నారు."

"తమిళంవాళ్ల మాట తమిళంవాళ్లకి. ఆ ఒక్క ముక్కే పట్టుకున్నావేం? బిందె నెత్తి మీద పెట్టుకున్నావు, ఇంటికొచ్చి దించుకోవా? పెట్టినదాన్ని తియ్యొచ్చు. చిన్నప్పుడు ఎవరైనా మన మీద ఒట్టు పెడితే, తీసెయ్యి తీసెయ్యి అని వెంటపడి ఏడ్చి తీయించుకునేవాళ్లం. మీ ఊళ్లో లేదూ?"

"ఉంది."

"మరింకేం?"

"ఉంది గాని, పెట్టినోళ్లే తియ్యాలంటాడు ఆయన. ఆళ్ల పనిలో రూలు కూడా అదేనంట. కింద నిలబడి కేకేసేటోడు ఒక్కడే ఉండాల. ఆడు హాపిస్ అంటే క్రేను ఎత్తాల, ఆడు ఆరియా అంటే దించాల. మద్దిలో ఇంకెవుడు అరిసినా, ఆకరికి మేనేజరొచ్చి అరిసినా, దించకూడదు. ఒట్టూ అంతే అంటాడు. ఎత్తినోడి నోటంటే దిగాల."

"మంచి రూలే. మీ ఆయన మా మేష్టారి కంటే బాగా చెప్పాడు. అయితే పని సులువైపోయింది. నీ తల మీద చెయ్యి వేయించుకున్నది నువ్వు. ఇంటికెళ్లి నువ్వే ఆరియా అను. లేచి అన్నం తింటాడు."

"నాను ఏయించుకోనేదమ్మా."

"మరి?"

"మంచినీళ్లున్నాయా?"

"కుండలో ఉన్నాయి. తాగు. తాగి చెప్పు."

"సల్లగున్నాయి."

"దయమ్మా."

"కామాక్షమ్మ ఏయించుకుంది."

నాగేశ్వరి చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

"బంగారయ్య భార్యా?"

"ఆమే. ఆస్పత్రి వరండాలో. మా ఆయన సెయ్యి పట్టుకుని ఆమే నా నెత్తి మీద ఎట్టింది. ఈ మాట ఇంకెక్కడా అననని మీ ఆవిడ మీద ఒట్టెయ్యి తమ్ముడా, అంది. ఏసినాడు."

"మొగుడు పోయిన మనిషి, ఆ చావు కళ్లారా చూసినవాణ్ణి నోరు మూసుకోమందా? ఏ మాట అది?"

"మీరు ఎవరికీ సెప్పరు గదా."

"ముందు చెప్పు."

"ఆ పొద్దు కేకేసే పని మా ఆయనదమ్మా."

"ఊఁ."

"పలక పైన ఏలాడుతుంది. బంగారయ్య కింద దుంగలు సర్దుతున్నాడు. సర్దీసి పక్కకి ఎలిపోనాడనుకున్నాడు ఈయన. ఎండ కళ్లలో పడింది. తిరిగి సూడాల. సూడకుండా ఆరియా అనీసినాడు. క్రేను మీదోడికి కింద ఏటి కనపడుద్ది? కేక ఇన్నాడు, దించీసినాడు."

"అయ్యో."

"ఆస్పత్రికి పరిగెట్టుకెల్లి ఆమె కాళ్ల మీద పడిపోనాడు. నానే సంపీసినాను వదినా, పోలీసులకి సెప్పీస్తాను అన్నాడు. ఆమె ఏడవనేదమ్మా. ఈయన్ని నేవదీసి, ఒక ఇల్లు పోనాది, రెండో ఇల్లు కూడా ఎందుకు, నీకు కూతురు జెరూషా ఉంది, ఊరుకో అంది. అనీసి ఒట్టేయించుకుంది."

"నేనైతే ఆ మాట అనలేకపోయేదాన్ని దయమ్మా."

"నానూ అనలేను. నిజం సెప్తున్నాను."

"సరే, ఆవిడే ఊరుకోమంది, ఇతను ఊరుకున్నాడు. మరి నాలుగు రోజుల్నుంచి ఎందుకు మంచం దిగటం లేదు?"

"షెడ్డోళ్లు కాగితం తయారు సేసినారమ్మా. మేనేజరు మనిషి ఇంటికి తెచ్చిచ్చినాడు. బంగారయ్య తాగొచ్చి కింద నిలబడ్డాడు, కేకేసినా తప్పుకోనేదు, అని రాసుంది. ఈయన రేపు ఆఫీసులో అదే సదివి సంతకమెడితే అయిపోద్దంట."

"బంగారయ్య తాగుతాడా?"

"టీ కూడా తాగడు. నీళ్లు కాసుకుని తాగేటోడు. ఇప్పుడా కాగితం నిలబడితే, తప్పు ఆడిదే గదా అనీసి కామాక్షమ్మకి ఏటీ ఇవ్వరు. షెడ్డోళ్లిచ్చిన లైను గది కూడా కాళీ సెయ్యమంటారు. ఊళ్లో ఆమెకి ఎవుళ్లూ నేరు."

"యూనియన్‌వాళ్లు ఏమంటారు?"

"యూనియన్ దాదా వొచ్చి గొలుసు పాతదని సెప్పమన్నాడు. గొలుసు బాగానే ఉంది గదా దాదా అన్నాడు ఈయన. చుప్ కొరో, గొలుసు నీకేటి సుట్టమా అన్నాడంట. అందరికీ ఏదో ఒకటి కావాల. జరిగింది ఎవుళ్లకీ అక్కర్నేదు."

"సాల్మన్ రాజుకి కావాలి."

"ఆయనకి కావాల. అబద్దమాడి శొపొథ్ సెయ్యలేడు. నానే అరిసినానని సెప్పీస్తానంటాడు. సెప్పీస్తే నువ్వు పోతావే అంటాడు. మళ్లీ గోడకేసి తిరుగుతాడు."

"ఇందులో ఆలోచించేదేముంది? పెట్టినది కామాక్షమ్మ. కామాక్షమ్మ దగ్గరికి వెళ్లు. మీ ఆయన తాగొచ్చి చచ్చిపోయాడని రాశారు అని చెప్పు. ఆ క్షణంలోనే తీసేస్తుంది."

"ఊఁ."

"ఊఁ అంటావేం? చెప్పావా?"

"ఆమె పక్క మీంచి నెగటం నేదమ్మా. ఎవుళ్లతోటీ మాటాడదు."

"చెప్పావా, లేదా?"

"నేదు."

"నీకూ ఆవిడకీ మధ్య ఒక గోడ ఉంది. అంతే కదా?"

"ఒక్క గోడే."

"ఆవిడకి తెలీదంటావు. తాగుడని రాసిన సంగతి."

"కాగితం బెంగాలీలో ఉంది. ఆమె సదవలేదు. ఈదిలో అందరికీ తెలుసు గాని ఆమెకి ఎవరు సెప్తారు? సెప్పకండని అందరి కాళ్లూ పట్టుకున్నాను."

"వీధంతా తెలిసిన సంగతి గోడ పక్కన మనిషికి తెలీదని నీకెంత నమ్మకం?"

"తెలిస్తే ఊరుకుంటాదా? వొచ్చి ఈయనతో అనీదా? ఏటమ్మా, అలాగ సూస్తున్నారు?"

"ఏమీ లేదు. చెప్పు."

"సెప్పడానికేటుంది. ఆమెకి తెలిస్తే ఒట్టు తీసేస్తాది. తీసేస్తే ఈయన రేపు పదిగంటలకి అందరి ముందర నిలబడి, నానే సంపినాను, అనీస్తాడు. ఆయన సంగతి నాకు తెలుసు. ఆ మాట అనీసి, తేలిగ్గా తెరిపిన పడిపోతాడు. జైల్లో ఎడతారు. జెరూషా, నానూ ఏటైపోవాల?"

"అయితే నువ్వు నా దగ్గరికి వచ్చింది ఒట్టు ఎలా తియ్యాలో కనుక్కోవడానికి కాదు."

"మరమరాలు ఇలాగివ్వండి. కళ్లు తిరుగుతున్నాయి."

"ఇదిగో. తిను. దయమ్మా, ఎందుకొచ్చావో చెప్పు."

"తియ్యడానికి వీల్లేదని రాసివ్వండమ్మా. ఓ ముక్క కాగితం మీద. ఆయనకి తెలుగు సదవడం వొచ్చు. ఒట్టు అంటే అతుక్కోడం, పడితే ఊడదు, పెట్టినోళ్లు కూడా తియ్యలేరు, అంత మాట అది, అని రాయండి. తమిళోళ్లు అంటారు గదా, ఉత్త అబద్దమేటి కాదు."

"పూర్తి అబద్ధం అయితే నీకు రాసిచ్చేదాన్నేమో. సగం నిజం ఉంది కాబట్టే నా చెయ్యి రాదు. అది చదివి ఏం చేస్తాడు?"

"లేస్తాడు. అన్నం తింటాడు. రేపెల్లి, నాను సూడలేదు అంటాడు. ఆ కాగితం మీద సంతకం ఎట్టొద్దనే నానూ సెప్తాను. ఏటీ సూడలేదు అంటే సాలు. నాకు సావంటే బయ్యం నేదమ్మా. ఒట్టు తప్పితే నాను పోతే పోతాను. పోకపోతేనే గదా బయ్యం. ఆయన నోరిప్పి, నాను బతికే ఉండి, ఆయన లోపలుండి."

"అతను చూడలేదంటే ఆ కాగితమే నిలబడుతుంది. బంగారయ్య తాగుబోతుగా మిగిలిపోతాడు."

"సచ్చినోడికి ఏటమ్మా."

"కామాక్షమ్మ చావలేదు."

"నాకు తెల్దా? నాలుగు రోజులై ఆమెకి గంజి కాసిచ్చేది నానే. తలుపు కొట్టి, గిన్నె గుమ్మంలో ఎట్టీసి, మొకం సూడకుండా వొచ్చేస్తన్నాను. ఆమె మాయింటిని నిలబెట్టింది. నాను ఆమె గది కాళీ సేయిస్తన్నాను. మీరు సెప్పాలా నాకు?"

"చెప్పడం లేదు. రాయను, అంతే."

"రాయకపోతే పోనీండి. ఆమెకి మాత్రం సెప్పకండి. రేపు పదిగంటలు దాటిపోతే సాలు. ఏదీ, మీ సెయ్యి."

"ఏం చేస్తున్నావు?"

"ఇలాగివ్వండి. నా నెత్తి మీద ఎట్టండి. కామాక్షమ్మకి సెప్పనని ఒట్టు అనండి."

"వదులు దయమ్మా."

"అనండమ్మా. ఒక్క రోజుకే. ఎల్లుండి మీరే తీసీండి."

"వదులు. నేను వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే."

"ఎందుకని?"

"పొద్దున్న మా వారు ఆఫీసుకి వెళ్లగానే కామాక్షమ్మ వచ్చింది. పెట్టిన ఒట్టు పెట్టినవాళ్లు తియ్యొచ్చా అని అడిగింది. ఎవరి మీద పెట్టావు, ఏమని పెట్టావు అని నేను అడగలేదు దయమ్మా. నిక్షేపంలా తియ్యొచ్చు, నువ్వు వెళ్లి తీసేశానని అంటే చాలు అని నేనే చెప్పి పంపించాను."